ఆసుపత్రి నుంచి మన ఆరోగ్య వివరాలు బయటికి పోతే: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో న్యాయ సహాయం కోసం వచ్చేవారికి అర్జీలు రాసిపెడుతుంటాను. ఒకరోజు కవిటి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ చేతిసంచిలోంచి ఫోను తీసి, రికార్డు చేసిన మాటలు వినిపించింది. "మీ క్రియాటినిన్ ఏడు దాటింది కదమ్మా, డయాలసిస్ అక్కర్లేకుండా మా మందుతో తగ్గిస్తాం" అంటున్నాడు అవతలి మనిషి. కిడ్నీల పనితీరు చెప్పే ఆ రక్తపరీక్ష అంకె ఆమెకు, కొడుకుకు, డాక్టరుకు, ల్యాబుకు తప్ప మరొకరికి తెలిసే వీలు లేదు. "నా రక్తం లెక్క వీడికెవరు చెప్పారు బాబూ?" అని ఆమె అడిగింది. కిడ్నీ జబ్బు ఇంతగా పీడిస్తున్న ఉద్దానంలో అలాంటి అంకెలకు బేరగాళ్లు ఉన్నారు.

ఆ తర్వాత అవే సందేహాలతో ఎందరో వచ్చారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాశాను. ఎక్కడ తెరిచి చదివినా అర్థం కావాలని కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాను. మీ కేసు వివరాలు చూసి లాయరు ఇచ్చే సలహాకు ఇది బదులు కాదు.

## అనుమానం వచ్చినప్పుడు

ముక్కూ మొహం తెలియనివాడు ఫోను చేసి నా టెస్టు ఫలితం చెప్పాడు. అది ఎక్కడి నుంచి పోయిందో ఎలా తెలుసుకోవాలి?

అతను చెప్పినవన్నీ వెంటనే ఒక కాగితం మీద రాసుకోండి: మీ పేరు ఎలా పలికాడు, వయసు ఎంతన్నాడు, ఏ తేదీ, ఏ అంకె. తర్వాత మీ దగ్గరున్న కాగితాలన్నీ పరచి పోల్చండి. మన పేరు ఒక్కోచోట ఒక్కో రకంగా ఎక్కుతుంది. ఓపీ చీటీలో ఇంటిపేరు ముందుంటుంది, ల్యాబు రిపోర్టులో చివర ఉంటుంది, బీమా కాగితంలో అసలు ఉండకపోవచ్చు. వయసు ఒకచోట 52, ఇంకోచోట 54. ఫోను చేసినవాడు ఏ కాగితంలోని తప్పును తప్పుగానే చదివాడో, కూపీ అక్కడి నుంచే లాగాలి. కవిటి అమ్మ పేరులో ల్యాబువాళ్లు ఒక అక్షరం తప్పు కొట్టారు. ఫోనులోని మనిషి కూడా సరిగ్గా ఆ తప్పునే పలికాడు.

ఇది పూర్తి రుజువు కాదు, కానీ దర్యాప్తుకు దారి చూపుతుంది. రికార్డును ఎవరు, ఎప్పుడు తెరిచి చూశారో చెప్పే కంప్యూటర్ జాడలు ఆసుపత్రి దగ్గరే ఉంటాయి. వాటిని రాబట్టడం దర్యాప్తు అధికారుల పని. మూలం తేలేదాకా ఫిర్యాదును ఆపుకోవాల్సిన పని లేదు.

హ్యాకింగ్ జరిగితేనే లీకా? మా రిపోర్టును ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు.

అదీ లీకే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న సైబర్ దాడితో సర్వర్లు స్తంభించి, రోజుల తరబడి పనులన్నీ చేతిరాతతో నడిచినప్పుడు దేశమంతా దాని గురించి మాట్లాడింది. మన దగ్గరికి వచ్చే కేసులు అంత పెద్దవి కావు. రిసెప్షన్ బల్ల మీద తెరిచి వదిలేసిన రిజిస్టరు, అందరి రిపోర్టులూ ఒకే వాట్సాప్ గ్రూపులో వేసే ల్యాబు, పాస్‌వర్డు కాగితం మీద రాసి తెరకు అతికించిన కంప్యూటర్, ఇవే ఎక్కువ. నష్టపోయిన మనిషికి రెండూ ఒకటే.

తేడా చట్టాల్లో ఉంది. కంప్యూటర్‌లో ఉన్న సమాచారానికి ఐటీ చట్టం (సమాచార సాంకేతిక చట్టం) వర్తిస్తుంది. రోగి రహస్యాన్ని కాపాడాల్సిన డాక్టరు బాధ్యత, వినియోగదారుడిగా మీకున్న హక్కు మాత్రం కాగితానికీ వర్తిస్తాయి.

లీకైన సంగతి ఆసుపత్రి మాకు చెప్పనే లేదు. చెప్పాల్సిన బాధ్యత లేదా?

ఇప్పటికే ఉన్న బాధ్యత ప్రభుత్వానికి చెప్పడం. సైబర్ దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. రోగికి నేరుగా చెప్పి తీరాలన్న నిబంధన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది. లీకు తెలిసిన వెంటనే బాధితులకు తెలియజేయాలి, డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. అయితే దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ఈ బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అందాకా ఆసుపత్రి తనంతట తానే చెబుతుందని ఎదురుచూడకండి. మీరే లిఖితపూర్వకంగా అడగండి.

## మొదటి మూడు రోజులు

ముందు ఎక్కడికి పరుగెత్తాలి? బ్యాంకుకా, పోలీసులకా?

డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం అక్కడే ఉంది. వెంటనే బ్యాంకుకు చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వు ప్రకారం తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడో చోట జరిగినప్పుడు, 3 పనిదినాల్లో తెలిపితే నష్టం మీ మీద పడదు. 4 నుంచి 7 పనిదినాలైతే కొంత మీరు భరించాలి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం మీదే. భయపడి ఆ మాట దాచి రెండు రోజులు ఆలస్యం చేసినవారు ఇంకా ఎక్కువ పోగొట్టుకున్నారు.

డబ్బు పోకపోయినా, ఆసుపత్రికి ఆధార్ నకలు ఇచ్చి ఉంటే ఆధార్ వేలిముద్రలను లాక్ చేసుకోండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో చూసుకోండి.

ఏయే ఆధారాలు దాచాలి? స్క్రీన్‌షాట్లు చాలవా?

స్క్రీన్‌షాట్ మంచిదే, కానీ అసలు సందేశం ఫోనులో అలాగే ఉండాలి. సిగ్గుతోనో కోపంతోనో చెరిపేయకండి. కేసు నడుస్తున్నంత కాలం ఆ ఫోను మార్చకండి, అమ్మకండి. ఎలక్ట్రానిక్ ఆధారాన్ని కోర్టు తీసుకోవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, దానికి అసలు పరికరం అవసరమవుతుంది. నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఓపీ చీటీ, బిల్లు, రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ ఒక ఫైలులో పెట్టండి. బిల్లు లేకపోతే ఫోన్‌పే చెల్లింపు వివరమైనా సరే.

డబ్బు ఇవ్వకపోతే మా అమ్మాయి రిపోర్టు ఊరంతా పంపుతానని బెదిరిస్తున్నాడు. ఏం చేయాలి?

ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. ఇది బలవంతపు వసూలు, భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. ఇంకొకరి గుర్తింపును వాడుకుంటే ఐటీ చట్టం 66సీ కింద 3 సంవత్సరాల వరకు జైలు. 1930కి చెప్పండి, సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో నమోదు చేయండి, తర్వాత స్టేషన్‌కు వెళ్లండి.

ఇంట్లో పెద్దలకు నాదొక విన్నపం. ఆ పిల్లను "అసలు ఆసుపత్రికి ఎందుకెళ్లావు" అని నిలదీయకండి. బెదిరించేవాడికి బలం ఇచ్చేది ఆ ప్రశ్నే. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది వరకు జైలు పడేలా, వైద్య గర్భస్రావ చట్టంలో 2021లో 5ఏ సెక్షన్ చేర్చారు. ఆ గోప్యత ఆమె హక్కు.

స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు, విశాఖ వెళ్లండి" అంటున్నారు.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఐటీ చట్టం నేరాలను ఇన్‌స్పెక్టరు, ఆపై స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి కాబట్టి, ఎస్సై "ఇన్‌స్పెక్టరు గారిని కలవండి" అంటే అది తప్పించుకోవడం కాకపోవచ్చు.

## ఆసుపత్రిని అడిగేటప్పుడు

ఆసుపత్రికి ఏమని రాయాలి? మాకు ఇంగ్లీషు రాదు.

తెలుగులో రాయండి, ఒక పేజీ చాలు. నోటిమాటగా అడిగితే "మా దగ్గర నుంచి కాదు" అన్న మాటతో అయిపోతుంది, ఆ మాట అన్నట్టు కూడా రుజువు మిగలదు. నేను ఇలా రాసిపెడుతుంటాను:

"ఫలానా తేదీన మీ ఆసుపత్రిలో ఫలానా ఓపీ నంబరుతో చికిత్స పొందాను. ఫలానా తేదీన, ఫలానా నంబరు నుంచి నాకు ఫోను చేసిన వ్యక్తి నా పరీక్ష ఫలితాన్ని చెప్పాడు. నా వివరాలు మీ దగ్గర ఎవరెవరు చూశారు, బయట ఏ సంస్థలకు ఇచ్చారు, లీకు జరిగినట్టు మీకు తెలుసా, తెలిస్తే ఏ చర్య తీసుకున్నారు? 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. ఇందుకు సంబంధించిన కంప్యూటర్ రికార్డులు, సీసీ కెమెరా దృశ్యాలు చెరిపివేయవద్దు. నా వైద్య రికార్డు నకలు కూడా ఇవ్వండి."

చివరి రెండు వాక్యాలు మరవకండి. సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లోనే వాటంతట అవే చెరిగిపోతుంటాయి. ఇక వైద్య రికార్డు నకలు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలో ఉంది. ఉత్తరం చేతికిస్తే మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

చేరేటప్పుడు చదవకుండా నాలుగైదు కాగితాల మీద సంతకాలు చేశాం. ఇక హక్కు లేనట్టేనా?

హక్కు ఉంది. వైద్యానికి, బీమా క్లెయిముకు ఇచ్చిన సమ్మతి మీ వివరాలను మందుల వ్యాపారికి ఇవ్వడానికి ఇచ్చిన సమ్మతి కాదు. ఆ కాగితాల నకళ్లు అడిగి తీసుకోండి, వాటిలో ఏముందో లాయరు చూడాలి.

వారానికి మూడుసార్లు అక్కడే డయాలసిస్. ఫిర్యాదు చేస్తే ఆపేస్తారేమో?

ఈ భయం వల్లే ఎక్కువమంది వెనక్కి తగ్గుతారు, వారిని నేను తప్పుపట్టలేను. అందుకే ముందు మరో కేంద్రంలో చోటు ఉందేమో కనుక్కోండి. పలాసలోని ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రిలో, మీకు దగ్గరలోని ఇతర డయాలసిస్ కేంద్రాల్లో విచారించండి. ఫిర్యాదులో "నా చికిత్సకు ఆటంకం కలగకూడదు" అన్న వాక్యం రాసి, ఒక ప్రతిని జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి పంపండి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ వ్యవహారం చూసేది ఆ కార్యాలయమే. పై అధికారి దగ్గర ప్రతి ఉందని తెలిసిన ఆసుపత్రి చికిత్స ఆపడానికి వెనకాడుతుంది.

## పరిహారం అడిగేటప్పుడు

పరిహారం కోసం మొదట ఏ తలుపు తట్టాలి?

ప్రైవేటు ఆసుపత్రి, డబ్బు కట్టిన వైద్యం అయితే నా మాట జిల్లా వినియోగదారుల కమిషన్. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉంది, జనం ఇప్పటికీ ఫోరం అనే అంటారు. వైద్యం కూడా సేవే అని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంతా కేసులో తేల్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు వేసి, నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు బయటపెట్టడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. మన కేసుకు సరిగ్గా అతికే మాట అది. దాన్ని ఫిర్యాదులో తప్పక రాయించండి.

జిల్లా కమిషన్ పరిధి మీరు అడిగే పరిహారాన్ని బట్టి ఉండదు. మీరు కట్టిన సొమ్మును బట్టి ఉంటుంది, 50 లక్షల వరకు అక్కడే. కట్టింది 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. సంఘటన జరిగిన 2 సంవత్సరాల్లోపు వేయాలి. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. చట్టం చెప్పిన గడువుల్లో తీర్పు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. వాయిదాలు పడతాయి. ఓపిక ఉండాలి.

ఆసుపత్రి విశాఖలో, ల్యాబు హైదరాబాదులో, మేము ఇచ్ఛాపురంలో. కేసు ఎక్కడ వేయాలి?

వినియోగదారుల కేసు మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, 2019 చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇది. పనికోసం చెన్నైలోనో ముంబైలోనో ఉంటున్నవారు అక్కడా వేయవచ్చు. ఆసుపత్రిని, ల్యాబును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. వీడియో ద్వారా హాజరయ్యేందుకు కమిషన్‌ను అనుమతి అడగవచ్చు.

ఐటీ చట్టం కింద 5 కోట్ల దాకా అడగవచ్చంటున్నారు. నిజమేనా?

నిజమే. 43ఏ సెక్షన్ ప్రకారం, సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని సరిగ్గా కాపాడక నష్టం కలిగించిన సంస్థ పరిహారం కట్టాలి. 2011 నియమాలు వైద్య రికార్డులను, శారీరక, మానసిక ఆరోగ్య స్థితిని అందులో పేరు పెట్టి చేర్చాయి. విచారించేది రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి, ఆయనే అడ్జుడికేటింగ్ అధికారి. దీనిపై అప్పీలు టెలికాం వివాదాల అప్పిలేట్ ట్రిబ్యునల్ అయిన టీడీశాట్‌కు వెళుతుంది.

అయితే ఇక్కడ ఆసుపత్రి నిర్లక్ష్యాన్ని, మీకు జరిగిన నష్టాన్ని మీరు నిరూపించాలి. అడిగే మొత్తాన్ని బట్టి రుసుము కట్టాలి. పెద్ద నష్టం జరిగి, సాంకేతిక ఆధారాలు చేతిలో ఉన్నవారికే ఈ దారి సూచిస్తాను. పైగా కొత్త డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చిన రోజున 43ఏ రద్దవుతుంది. అంటే ఈ తలుపు ఎల్లకాలం తెరిచి ఉండదు. అర్హత ఉన్నవారు ఆలస్యం చేయకండి.

కొత్త చట్టంలో 250 కోట్ల జరిమానా ఉందట. అందులో మాకెంత వస్తుంది?

ఒక్క రూపాయి కూడా రాదు. భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థకు బోర్డు 250 కోట్ల వరకు, లీకును తెలపనందుకు 200 కోట్ల వరకు జరిమానా వేయవచ్చు. ఆ సొమ్మంతా కేంద్ర ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది. బాధితుడికి పరిహారం ఇచ్చే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. ఉన్న 43ఏను తీసేసి దాని స్థానంలో ఏమీ పెట్టకపోవడం అన్యాయమని నా అభిప్రాయం. జబ్బు సంగతి బయటపడి బాధపడింది రోగి, జరిమానా అందేది ఖజానాకు. కాబట్టి తప్పు చేసిన సంస్థకు శిక్ష పడాలనుకుంటే బోర్డు, మీ నష్టం పూడాలనుకుంటే వినియోగదారుల కమిషన్.

ప్రభుత్వ ఆసుపత్రి నుంచి పోయింది. ఉచితంగా చూపించుకున్నాం కదా, అడిగే హక్కు ఉంటుందా?

ఉంటుంది, దారి వేరు. అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. కానీ గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు చెప్పారు. ఆ హక్కును ప్రభుత్వ సంస్థే భంగపరిస్తే అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయవచ్చు, అందులో పరిహారం కూడా కోరవచ్చు.

అంతకు ముందు చేయాల్సినవి రెండున్నాయి. ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఉత్తరం ఇచ్చి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ నమోదు చేయించండి. మీ రికార్డును ఎవరికి ఇచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి.

ఎన్టీఆర్ వైద్య సేవ మీద ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవారి సంగతి వేరు. మీ జేబులోంచి పోకపోయినా మీ కోసం ప్రభుత్వం ఆసుపత్రికి చెల్లించింది. రోగి తరఫున ఇతరులు చెల్లించినా అది సేవే అని వి.పి. శాంతా తీర్పులో ఉన్న మాట మీకు బలమైన ఆధారం.

డబ్బు నష్టమేమీ లేదు. సంబంధం తప్పిపోయింది, ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాం. దీనికీ పరిహారం ఉంటుందా?

మానసిక వేదనకు పరిహారం ఇచ్చే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. "బాధపడ్డాం" అని మాత్రం రాసి వదిలేయకండి. ఏ రోజున ఎవరు ఏమన్నారు, ఏ పనికి రానివ్వలేదు, నిద్ర పట్టక ఏ డాక్టరును కలిశారు, అన్నీ తేదీలతో రాయండి. సంబంధం తప్పిపోతే ఆ విషయం తెలిసిన పెద్దమనిషి ప్రమాణపత్రం ఇవ్వగలరేమో అడగండి.

హెచ్‌ఐవీ సంగతి బయటపడింది. కేసు వేస్తే ఇంకా పదిమందికి తెలుస్తుందేమో?

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం దీన్ని ముందే ఊహించింది. మీ అసలు పేరు బదులు మారుపేరుతో, తలుపులు మూసి విచారణ జరపమని కోర్టును కోరవచ్చు. మీ సమ్మతి లేకుండా మీ స్థితిని బయటపెట్టడం ఆ చట్టం 8వ సెక్షన్‌కు విరుద్ధం. ఈ చట్టం కింద ఫిర్యాదులు వినేందుకు నియమించే అంబుడ్స్‌మన్‌కు కూడా ఫిర్యాదు చేయవచ్చు. మానసిక వైద్యం తీసుకున్నవారికి 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ అలాంటి గోప్యతనే ఇస్తోంది.

బయటపెట్టింది డాక్టరే. ఆయన మీద ఎక్కడ చెప్పుకోవాలి?

ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు రాయండి. రోగి రహస్యం బయటపెట్టడం వృత్తి నియమాల ఉల్లంఘన. కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్రమైన ముప్పు, ప్రభుత్వానికి తెలపాల్సిన అంటువ్యాధి వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. కౌన్సిల్ హెచ్చరించగలదు, రిజిస్ట్రేషన్ ఆపగలదు. పరిహారం ఇప్పించలేదు.

లాయరుకు ఇచ్చే స్తోమత లేదు.

శ్రీకాకుళం, విజయనగరం కోర్టు ఆవరణల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోను చేసినా సరే. రాజీకి వీలుంటే శాశ్వత లోక్ అదాలత్ గురించి అక్కడే అడగండి. ఆసుపత్రి సేవలు దాని పరిధిలో ఉన్నాయి, రుసుము ఉండదు, 1 కోటి రూపాయల వరకు వివాదాలు చూస్తుంది.

## తర్వాతి రోజుల్లో

ఆభా నంబరు వల్లే ఇదంతా జరిగిందంటున్నారు. రద్దు చేసుకోవాలా?

ఆభా అంటే మీ ఆరోగ్య రికార్డులను ఒకచోట కలిపే డిజిటల్ ఖాతా. ఆ 14 అంకెల నంబరు తీసుకోవడం మీ ఇష్టం, వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు. కానీ ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉన్న మీ రికార్డు ఆభా రద్దుతో చెరిగిపోదు. రద్దు చేసే ముందు ఆభా యాప్‌లో ఏయే ఆసుపత్రులకు సమ్మతి ఇచ్చారో చూసి, అక్కర్లేనివి ఉపసంహరించుకోండి. ఆ జాబితాను ఫోటో తీసి దాచుకోండి, ఎవరి దగ్గర మీ వివరాలున్నాయో చెప్పే ఆధారం అది.

నాన్నగారు చనిపోయారు. ఆయన రిపోర్టులు చూసి మందుల వాళ్లు, బీమా వాళ్లు ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నారు. మేము అడగవచ్చా?

అడగవచ్చు. వినియోగదారుడు మరణిస్తే ఆయన వారసులు ఫిర్యాదుదారులు కావచ్చని 2019 చట్టంలో ఉంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆయన బిల్లులు సిద్ధం చేసుకోండి. ఆయన సిమ్ కార్డును వెంటనే రద్దు చేయకండి. ఆ ఫోన్లన్నీ వస్తున్నది దానికే కనుక, ఆ నంబరు మీద వచ్చిన ప్రతి కాల్ వివరమూ కేసుకు పనికొస్తుంది.